ఎనకాల దగ్గేదెవరు సార్?

"జరం ఎన్ని దినాల సంది ఉంది సార్?"

ఫోన్‌లో ఆ యాస వినగానే నిర్మాత అచ్యుతరామయ్య మొహం చేదు మాత్ర నమిలినట్టయింది.

ఆయన సినిమాల్లో ఆ భాష మాట్లాడేవాళ్లు ఇద్దరే. విలన్ పక్కన కత్తి పట్టుకుని నిలబడే రౌడీ ఒకడు, జనం నవ్వుకోవడానికి పెట్టే పనిమనిషి ఒకతె.

సూరత్‌లో ప్లేగు అని పేపర్లు మొదటి పేజీలో వేసిన రోజులవి. హైదరాబాద్‌లో ఎవరి మూతికి చూసినా జేబురుమాలే. అంబులెన్సుల కోసం ఓ కంట్రోల్ రూమ్ పెట్టి, దాని నంబరు కూడా పేపర్లో వేశారు.

జూబ్లీహిల్స్‌లో అచ్యుతరామయ్య ఇంటి ఔట్‌హౌస్‌లో కాస్ట్యూమర్ వేంకటరమణ మూలుగుతున్నాడు. పాటకు చీరలు కొనుక్కురమ్మని అతన్ని సూరత్ పంపింది ఈయనే. చీరలు బ్రహ్మాండంగా వచ్చాయి. వెంట జ్వరమూ వచ్చింది.

ఈ సంగతి బయటికి పొక్కితే హీరో మద్రాసు విమానం ఎక్కేస్తాడు. మళ్లీ డేట్లు దొరకవు. ఆ మహానుభావుడి దిగులంతా అదీ! మనిషి ఏమైపోతాడోనని కాదు.

అందుకే ఆ కంట్రోల్ రూమ్‌కి చేసి, ఔట్‌హౌస్ గుమ్మంలో కార్డ్‌లెస్ ఫోన్ పట్టుకుని నిలబడి, గొంతు తగ్గించాడు.

"జ్వరం లేదు, గిరం లేదు. కడుపునొప్పి. బండి పంపు. సైరన్ వెయ్యొద్దు. పేరు రాయొద్దు."

"ఎనకాల దగ్గేదెవరు సార్?"

"కుక్క."

"కుక్క గట్ల దగ్గదు సార్. ఆయన యాడికెళ్లి వచ్చిండు?"

"నీకెందుకు? నువ్వేమైనా డాక్టరువా?"

"కాదు సార్. గని డ్రైవరుకు చెప్పకుంట ఎట్ల పంపాలె? ఆయనకు పిల్లలున్నరు. నిజం చెప్తే మూతికి బట్ట కట్టుకొని వస్తడు, గంతే."

"చెప్పింది చెయ్యి!"

"ఆయనకు బువ్వ ఎవరు వెడుతుండ్రు సార్?"

పెడుతున్నది అచ్యుతరామయ్య భార్య లీలాకుమారి. పనివాళ్లకు తెలియకూడదని ఆమెకు అప్పగించాడు. పూటపూటా మిరియాల చారు పట్టుకెళ్లి, పక్కన కూర్చుని తాగించి వస్తోంది పాపం.

"మా ఇంట్లో ఎవరు ఎవరికి పెడితే నీకెందుకే?"

"అమ్మగారేనా సార్? అమ్మను జర లోపలికి పోనియ్యకుండ్రి. గిన్నె గడప కాడ వెట్టి రమ్మనుండ్రి. అమ్మకు గూడ ఇయ్యాల్నే…"

"పేరేంటి నీది?"

"నీలమ్మ సార్. ఇయ్యాల్నే అమ్మకు గూడ…"

ఠకీమని ఫోన్ కట్ చేశాడు. అంత పెద్ద నిర్మాతకు ఆ మిగతా ముక్క వినే తీరికెక్కడిది!

వెంటనే కంట్రోల్ రూమ్ అధికారి సుబ్రహ్మణ్యానికి ఫోన్ చేశాడు. ప్రివ్యూ షోలకు పిలిచే పరిచయం.

"మీ ఆపరేటర్‌కి మర్యాద తెలీదండీ. ఆ సీట్లో కాస్త చదువుకున్నవాళ్లను కూర్చోబెట్టండి."

"క్షమించండి సార్. ఇవాళే తీసేస్తాను."

ఆ మాట వినేదాకా ఆయన కడుపు చల్లబడలేదు. అక్కణ్ణుంచి ఫిల్మ్‌నగర్ ఆఫీసుకు వెళ్లి, నీలమ్మ గొంతు అనుకరిస్తూ మొత్తం నటించి చూపించాడు.

"కుక్క గట్ల దగ్గదు సార్! ఎలా ఉందయ్యా?"

రచయిత కాశీవిశ్వనాథం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "కామెడీ ట్రాక్‌లో పెట్టేద్దామండీ. థియేటర్ లేచిపోతుంది!"

బండి రాలేదు. సాయంత్రం షేక్‌పేట నుంచి వేంకటరమణ బావమరిది వచ్చి, అతన్ని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. పీడ విరగడైందనుకున్నాడు అచ్యుతరామయ్య. ఆ సంతోషంలో భోజనాల దగ్గర భార్య ముందు కూడా ఆ సీను నటించాడు.

నాలుగో రోజు పొద్దున దేవుడికి హారతి ఇస్తూ లీలాకుమారి దగ్గింది. దగ్గి, దగ్గి, గోడ పట్టుకుని కూలబడింది. చెయ్యి వేస్తే ఒళ్లు కాలిపోతోంది.

"ఏమండీ… ఆ ఫోన్‌లో అమ్మాయి, నాకు కూడా ఇవాళే అని ఏదో చెప్పబోయిందన్నారే. ఏంటండీ అది?"

ఆయనకు తెలిస్తేగా!

కంట్రోల్ రూమ్ నంబరు తిప్పాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ తిప్పాడు. మోగింది. అయిదోసారికి ఎవరో ఎత్తారు.

"నేను అచ్యుతరామయ్యని. నీలమ్మని పిలవండి. అర్జంటు!"

"నమస్కారం సార్. నేను సుబ్రహ్మణ్యాన్ని."

"మీరెత్తారేంటి? నీలమ్మ ఏది?"

"మీరే కదండీ తీసెయ్యమన్నారు."

"సరే, ఇంకో ఆపరేటర్‌కి ఇవ్వండి. మా ఆవిడకు జ్వరం, దగ్గు. ఏం చెయ్యాలో చెప్పమనండి!"

"చదువుకున్న ఆపరేటర్లు ముగ్గురూ భయపడి మొదటిరోజే సెలవు పెట్టి ఊళ్లకు పోయారండీ. తొమ్మిది రోజులు ఆ ఫోన్ ఎత్తింది నీలమ్మ ఒక్కతే. డాక్టరు గారు ఒక్కసారి చదివి వినిపిస్తే, ఏం అడగాలో ఏం చెప్పాలో అన్నీ నోటికి పట్టేసింది."

"మరి మీరు చెప్పండి!"

"నాకేం తెలుసండీ? డాక్టరు గారు క్యాంపులో ఉన్నారు. బండైనా పంపుదామంటే, ఏ బండి ఎక్కడుందో ఆవిడకే తెలుసు."

లోపల లీలాకుమారి మళ్లీ దగ్గింది.

"బాబ్బాబు, ఎలాగైనా ఆవిణ్ణి పిలిపించండి! అసలు ఎవరండీ ఆవిడ?"

"ఎర్రగడ్డ అవతల ఎక్కడో ఉంటుందట, ఇల్లు ఎవరికీ తెలీదు. మా ఆఫీసు ఊడ్చే మనిషండీ. ఫోన్ ఊరికే మోగుతుంటే వినలేక చీపురు పక్కన పెట్టి ఎత్తింది, మీరు చెప్పారని ఆ చీపురు కూడా లాక్కుని పంపేశాను."