పది నిమిషాల్లో నాలుగేళ్లు

మేవిస్ చెప్పేదేమిటంటే, ఆ ఎర్ర కోటు మనిషి రెండు గంటలు బస్సులో కూర్చుని వచ్చేది సముద్రం చూడ్డానికి కాదట. విల్ఫ్‌కు తన ఉసురు తగిలించడానికట.

మేవిస్‌ది సాండ్‌థోర్ప్ ఒడ్డున చేపల కొట్టు. వేయించిన చేపా, బంగాళాదుంప ముక్కలూ కాగితంలో చుట్టి ఇస్తుంది. ఊరి కబుర్లు ఉచితం. పక్క కొట్టు విల్ఫ్‌ది. ఇసుక బకెట్లు, గాలిపటాలు, ఊరి పేరు అచ్చేసిన చక్కెర కడ్డీలు, గల్లా వెనక వరసగా వేలాడే బొమ్మ తుపాకులు. పేరుకే బొమ్మలు. పైనున్న రంగు కనపడకపోతే అసలుదేదో, బొమ్మేదో పోలీసులకే తెలియదు.

నిజంగానే తెలియలేదు. ఆగస్టులో కీరన్ అనే పిల్లవాడు అలాంటిదొకటి విల్ఫ్ దగ్గర కొన్నాడు. పద్దెనిమిది నిండనివాళ్లకు అమ్మకూడదని చట్టం. వాడికి పద్నాలుగు. ఇంటికెళ్లి నారింజ రంగు గొట్టానికి బడి బూట్ల పాలిష్ రుద్దాడు. మర్నాడు తమ ఊరి బస్ స్టాపులో అది పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో ఫోన్ చేశారు. పోలీసులు వచ్చారు. కింద పడెయ్యమన్నారు. వాడు బొమ్మేనని చూపించబోయాడు. వాళ్లు కాల్చారు.

ఎర్ర కోటు మనిషి వాడి తల్లి. పేరు జానిస్.

అక్టోబరు నుంచి ప్రతి శనివారం వస్తోంది. రెండు కొట్లకూ ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుంటుంది. వానొచ్చినా లేవదు. ఏడవదు. ఎవరితోనూ మాట్లాడదు. మేవిస్ జాలిపడి రెండుసార్లు పొట్లం పంపింది. విప్పలేదు. సముద్రపు కాకులు విప్పుకుని తిన్నాయి. మధ్యాహ్నం చేపల కొట్టు ముందు లైను పెరిగినప్పుడు మాత్రం ఆమె మెడ కాస్త పక్కకు తిరుగుతుంది. జనం అడ్డమొచ్చి విల్ఫ్ కొట్టు కనపడక తంటాలు పడుతోందని మేవిస్ అందరికీ విడమరచి చెప్పింది.

విల్ఫ్ కొట్టుకు జనం రావడం మానేశారు. ఎవరో తలుపు మీద ఒక మాట రాశారు. తుడిచాడు. మళ్లీ రాశారు. ఈసారి తుడవలేదు.

మంగళవారం కోర్టు. అక్కడ చెప్పాల్సింది లాయరు నేర్పాడు. అడిగాను, పద్దెనిమిదన్నాడు, నమ్మాను. అంతే.

“ఒకసారి వెళ్లి పలకరించరాదూ,” అంది మేవిస్, ఆ ముందు శనివారం.

“ఏమని? నీ కొడుకు పద్దెనిమిదన్నాడు, నేను నమ్మాననా?”

“నమ్మావా?”

విల్ఫ్ గల్లా బల్ల తుడిచాడు. దాని మీద దుమ్మేమీ లేదు.

“పేపర్లో చదివాను,” అంది మేవిస్. “మావాడికి అబద్ధం చేతకాదు అందట ఆ తల్లి, పాపం. నా కొడుకు గురించి నేనా మాటంటే బాండీలో చేపలు లేచి నవ్వుతాయి.”

విల్ఫ్ స్టూలు వేసుకుని తుపాకులన్నీ దించి అట్టపెట్టెలో పడేశాడు. తర్వాత టీ కలిపాడు. కప్పు పట్టుకుని రోడ్డు దాటాడు. చేతిలో ఉప్పు డబ్బాతోనే మేవిస్ వెనక వెళ్లింది. లైన్లో ఉన్నవాళ్లు అటు తిరిగారు.

కప్పు బెంచీ మీద పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

“వాడు రెండుసార్లు వచ్చాడమ్మా,” అన్నాడు విల్ఫ్. “లాయరుకు కూడా చెప్పలేదీ సంగతి. మొదటిసారి వయసెంత అంటే పద్నాలుగన్నాడు. పొమ్మన్నాను. అమ్మనని పంపేసినవాళ్లను రాసుకునే పుస్తకంలో రాశాను కూడా. ఊరి కౌన్సిల్ వాళ్లు మమ్మల్ని పట్టుకోవడానికి కొనమని పిల్లల్ని పంపుతుంటారు. అడిగితే ఆ పిల్లలు అబద్ధమాడకూడదు, అది వాళ్లకు పెట్టిన రూలు. అందుకని నేను నిజం చెప్పినవాణ్ణి పంపించేస్తాను. అబద్ధం చెప్పినవాడికి అమ్ముతాను. పదిహేనేళ్లుగా ఇంతే. ఒక్కసారీ దొరకలేదు. మంచి కొట్టు అని గోడకు తగిలించుకోడానికి కాగితం కూడా ఇచ్చారు.”

మేవిస్ చేతిలోని డబ్బా వంగి ఉప్పు రోడ్డు మీద పోతోంది. ఆమె చూసుకోలేదు.

“పది నిమిషాలకు మళ్లీ వచ్చాడు. అదే చొక్కా. అదే మొహం. ఈసారి పద్దెనిమిదన్నాడు. పది నిమిషాల్లో నాలుగేళ్లు పెరిగాడు. పెరగలేదని నాకు తెలుసు. కౌన్సిల్ పిల్లాడు కాదని తేలింది కదా, అది చాలనుకున్నాను. సంచీలో పెట్టి ఇచ్చాను. థాంక్స్ చెప్పి వెళ్లాడు.”

అలలు వచ్చి పోతున్నాయి. లైను కదలడం లేదు.

“మంగళవారం ఇదే చెప్పేస్తాను. ఏ శిక్ష వేస్తే అది వేసుకోనివ్వండి. మీరు మాత్రం ఇక ఇక్కడ కూర్చుని నా కొట్టు వంక అలా చూడకండమ్మా. తట్టుకోలేకుండా ఉన్నాను.”

జానిస్ టీ కప్పు వంక చూసింది. చల్లారిపోయింది.

“నేను చూసేది మీ కొట్టు వంక కాదు,” అంది. “ఆ చేపల లైను వంక. ఆ రోజు కీరన్ తిరిగొచ్చి కొట్టాయన ఇవ్వనంటున్నాడమ్మా అంటే, నా వంతు దగ్గరపడిందని లైను వదలకుండా, పద్దెనిమిదని చెప్పు పో అని నేనన్నది అక్కడ నిలబడే.”