హైమవతి ఎంచుకున్న మూత

చిక్కడపల్లి ఇంటి పెరట్లో, కూతురికి ఈత నేర్పించాలని కట్టించిన నీళ్ల హౌజు గట్టు మీద హైమవతి కూర్చుని ఉంది. దానికి మూత చేయడానికి వచ్చిన వడ్రంగి బుగ్గయ్య రెండు నమూనాలు ఆమె ముందు పెట్టాడు. ఒకదానిలో చెక్క పట్టీలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. రెండోదానిలో ఎడంగా ఉన్నాయి.

“పాపను జర పిలువుండ్రమ్మా. చెయ్యి చూసి సందు కొలుస్త,” అన్నాడు. హౌజు మూతకు టేపు పట్టడం అతని అలవాటు కాదు. ఆ ఇంట్లో చిన్నపిల్ల చెయ్యి ఎంత మందం ఉంటే, పట్టీల మధ్య సందు అంతకంటే తక్కువ పెడతాడు.

“బడికి వెళ్లిందయ్యా. ఇంత ఉంటుంది,” అంటూ హైమవతి బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించింది.

బుగ్గయ్య ఆ వేళ్ల మధ్య పుల్ల పెట్టి, కొలతకు విరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైనప్పటినుంచి నారాయణగూడ దాకా ఒక్క బడీ తెరుచుకోలేదు. తన పిల్లలూ ఇంట్లోనే ఉన్నారు.

అతను దగ్గర పట్టీల నమూనా ముందుకు జరిపాడు. “ఇదే మంచిగుంటదమ్మా. చెయ్యి దూరది.”

“అది వద్దు.” ఆమె రెండోదాని మీద అరచెయ్యి ఆనించింది. వేళ్లు సందులోంచి కిందికి జారాయి.

“గా సందులకెళ్లి పాప చెయ్యి పోతది గదమ్మా!”

“లోపలికి పోవడానికి కాదు బుగ్గయ్యా,” హైమవతి నీళ్లకేసి చూస్తూ అంది. “ఈసారి పాప నీళ్ల అడుగునుంచి చెయ్యి చాపితే నాకు అందాలి.”