స్వరాజ్యం ల్యాప్‌టాప్

“చూస్తివా? ఇది మిషనా, పరుపా?” అంటూ శ్యాంసుందర్ ల్యాప్‌టాప్ ఫ్యాన్‌లోంచి పట్టకారుతో బూడిదరంగు పీచు లాగాడు.

స్వరాజ్యం కౌంటర్ మీదికి వంగి చూసింది. గాలి బయటికి పోయే సందంతా దారపు పీచు మూసేసి ఉంది. ఆమె భర్త లింగం సచిన్ పారిశ్రామికవాడలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఒంటి నిండా ఆ పీచుతోనే ఇంటికొస్తాడు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తుంది. కూతురు సంధ్యారాణి ఈ పాత ల్యాప్‌టాప్ మీద చీరల డిజైన్లు గీయడం ఈమధ్యే మొదలుపెట్టింది. ఊరికే తెరిచి ఉంచితే బాగానే ఉంటుంది. పెద్ద డిజైన్‌కి రంగులు నింపబోతే మాత్రం పది నిమిషాల్లో పెనంలా కాలి, ఉన్నట్టుండి ఆగిపోతుంది.

శ్యాంసుందర్ తాత కూడా మగ్గం మీదే బతికాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మనవడికి నచ్చదు. నవాగామ్‌లో ఈ రిపేరు దుకాణం పెట్టాక, మగ్గాలవాళ్లు కౌంటర్‌ను ముట్టుకుంటే గుడ్డతో తుడవడం అలవాటు చేసుకున్నాడు.

“గీ పీచు వల్లనే బందైతుందా అన్నా?” అని అడిగింది స్వరాజ్యం.

“మరి నీ ముక్కుల దూది గుక్కితే నువ్వు ఉరుకుతవా?”

పక్కన మొబైల్ దుకాణం నడిపే రాజనర్సు టీ తాగుతూ నవ్వాడు. స్వరాజ్యం నవ్వలేదు. ఏ మరను ముందు తీయాలి, పొడవువీ పొట్టివీ కలిసిపోతే ఎలా అని అడిగింది. మరలు లెక్కపెట్టడం తప్ప నీకేం తెలుస్తుందని శ్యాంసుందర్ వెక్కిరించాడు. అయినా తన పనితనం చూపించుకోవడం అతనికి ఇష్టమే. మరలు తీసిన వరుసలోనే అయస్కాంతపు పలక మీద పేర్చి చూపించాడు.

నాలుగు రోజుల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి డిజైన్ తెరిచిన నిమిషానికే ఆగిపోతోంది. శ్యాంసుందర్ విప్పి చూసి కంగుతిన్నాడు. వేడిని లాగేయడానికి చిప్ మీద ఉండాల్సిన పేస్ట్ లేనే లేదు. మొదటిసారి పీచు మాత్రం తీసి, పేస్ట్ కూడా మార్చానని అతను అబద్ధం చెప్పాడు. పాతది ఎండి రాలిపోయిందనుకున్నాడు. కానీ తప్పు ఒప్పుకోవడం అతని వంటికి పడదు.

“అన్నం వండే పొయ్యి పక్కకు వెట్టినవా దీన్ని? మీ ఇండ్లల్ల సామాను ఇట్లనే ఉంటది” అని మండిపడ్డాడు.

ఆమె తల వంచుకుని విన్నది. పేస్ట్ ఎంత పెట్టాలని మెల్లగా అడిగింది. మినపగింజంత అని, ఎక్కువైతే పక్కలకు కారుతుందని, దాని మీద కూర్చునే రాగి పలక మరలను ఒక్కసారే బిగించకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పాలని అతను విసుక్కుంటూనే చేసి చూపించాడు.

వారం తిరక్కముందే మూడోసారి వచ్చింది. ఫ్యాన్ తిరగడం లేదు. తీగ కొస ఊడి ఉంది. తనే సరిగ్గా పెట్టలేదేమోనని శ్యాంసుందర్‌కి అనుమానం వచ్చింది. దాంతో ఇంకా గట్టిగా అరిచాడు. రాళ్లంటించే చేతులకు ఈ వస్తువులెందుకన్నాడు. కూతురికి పెళ్లి చేసి పంపితే ఈ బాధ ఉండదన్నాడు. ఆ మాటకు స్వరాజ్యం కళ్లు ఎర్రబడ్డాయి. ఆ తీగను ఎలా పట్టుకుని పెట్టాలో మాత్రం అడిగింది.

ఇంటికెళ్లాక సంధ్యారాణి, ఇక అక్కడికి పోవద్దని, ఉధనాలో వేరే దుకాణం ఉందని తల్లిని బతిమాలింది.

“వాడు మాటలంటడు బిడ్డా. కనీ పనెరిగినోడు” అంది స్వరాజ్యం.

నాలుగోసారి వచ్చేసరికి దుకాణంలో గిరాకీ లేదు. శ్యాంసుందర్‌కి కావలసినంత తీరిక ఉంది. వేడెక్కకుండానే ఆగిపోతోందని చెప్పింది ఆమె. అతను ల్యాప్‌టాప్‌కి బరువైన పని పెట్టి, వేడి చూపించే అంకెలు తెర మీద తెరిచి అరగంట చూశాడు. అది ఆగలేదు.

“ఇప్పకుండ రోగమెట్ల తెలుస్తదన్నా?” అని అడిగింది స్వరాజ్యం.

శ్యాంసుందర్ రాజనర్సు వైపు చూసి కన్ను కొట్టాడు. పిల్లలకు చెప్పినట్టు వేళ్లు మడుస్తూ చెప్పాడు. బరువు పడగానే అంకె ఒక్కసారిగా ఎగిరితే పేస్ట్ పోయినట్టు. మెల్లమెల్లగా ఎక్కితే గాలి ఆడనట్టు. ఎక్కకుండానే ఆగితే బ్యాటరీనో ఛార్జరో చూడాలి.

“ఇంకొక్కసారి చెప్పు అన్నా. జర మెల్లగ.”

రాజనర్సు పొట్ట పట్టుకుని నవ్వాడు. శ్యాంసుందర్ నిట్టూర్చి మళ్లీ చెప్పాడు. మగ్గాలవాళ్ల బుర్రలకు మగ్గం చప్పుడు తప్ప ఏదీ ఎక్కదని రాజనర్సుతో హిందీలో అన్నాడు, ఆమెకు హిందీ రానట్టు.

“గిప్పుడన్న సమజైందా?”

“అయిందన్నా.”

“ఇగ రాకు. దీనికేం రోగం లేదు. నీ బుర్రకే ఉంది.”

“రానన్నా” అంది స్వరాజ్యం. ల్యాప్‌టాప్‌ని సంచిలో జాగ్రత్తగా పెట్టుకుని, అతనికి నమస్కారం పెట్టి మెట్లు దిగింది. ఆమె వెనక అతను కౌంటర్ తుడుస్తున్న చప్పుడు వినపడింది. తిరిగి చూడలేదు. ఎండలో గబగబా నడిచి ఇల్లు చేరి తలుపు తీసింది.

లోపల మంచం మీద, గల్లీవాళ్లు ఆమెకు రిపేరుకిచ్చిన ఏడు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి.