సిపాయి పరుగు

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టింది గాని చినుకు రాల్చలేదు. పరుగుల షెడ్డులో ఒకటే ఉక్కపోత. పట్నంలో వాళ్లు ఆడే తుపాకుల ఆటలో, ఏదో గ్రహం మీద సిపాయి పరిగెత్తాలంటే ఇక్కడ మాలో ఒకరు నిజంగా పరిగెత్తాలి. వాళ్లు మీట నొక్కగానే మా పిక్కలకు కట్టిన పట్టీలు చురుక్కుమంటాయి.

అసలా ఆటలో పరుగు ఉండాలా వద్దా అని ఆడేవాళ్లు నెలరోజులుగా కొట్టుకుంటున్నారు. ఇవాళ తేలుతుంది. మా బావ సన్యాసికి మోకాలు వాచింది. పరుగు తీసేస్తే కూలి పోతుంది, ఉంచితే ఆ కాలు ఎన్నాళ్లో నిలవదు.

"నీ ఓటు ఎటు బావా?" అన్నాను.

"మనకి ఓటేటిరా బామ్మర్దీ! అంత బరువు కవచమేసుకున్నోడు పరిగెత్తడమేటని ఒకడంటాడు. పరిగెత్తకపోతే పెళ్లి ఊరేగింపులా ఉంటాదని ఇంకోడు. ఇద్దరూ కుర్చీలోంచి లేవనోళ్లే," అని నవ్వాడు.

మధ్యాహ్నం అక్క క్యారేజీ తెచ్చేసరికి గోడమీది తెరపై ఆట తయారుచేసేవాళ్ల తీర్పు వచ్చింది. అక్కే పైకి చదివింది.

"పరుగు ఉంటుంది. సిపాయి మధ్యలో ఆగి రొప్పడం ఎవరికీ నచ్చలేదు కాబట్టి ఆయాసం తీసేశాం. మీట వదిలేదాకా పరుగు ఆగదు."

ఇన్నాళ్లూ సిపాయి ఆగి రొప్పినప్పుడే మేమూ ఊపిరి పీల్చుకునేవాళ్లం.

అక్క చోడంబలి పోసింది. తన వాటా కూడా బావ గిన్నెలోనే వంచింది. ఎప్పుడూ వద్దనే మనిషి ఇవాళ వద్దనలేదు.