మలుపు పైన గది

"కిటికీ దగ్గర నుంచి ఇవతలికి రా. వాడి కంట పడతావు" అన్నాడు బస్సు డ్రైవర్.

"పందెం ఇంకా మొదలే కాలేదండీ. ఇప్పుడు సముద్రం తప్ప నన్నెవరు చూస్తారు?" అంది భార్య. అన్నదే గానీ లేచి వచ్చి మంచం చివర కూర్చుంది.

వారాంతానికని నిన్న సాయంత్రమే ఆ లాడ్జిలో దిగారు. కొండ మీంచి దిగే రోడ్డు సరిగ్గా ఆ గది కిందే సముద్రం వైపు తిరుగుతుంది. సైకిల్ పందెం చూడటానికి వచ్చిన జనమంతా గెలుపు గీత దగ్గర చోటు కోసం కొట్టుకుంటుంటే, వీళ్ళు మాత్రం ఏరికోరి ఈ గదే అడిగారు. గోడలకి చెమ్మ, దుప్పట్లకి ఉప్పుగాలి జిడ్డు. పైగా తెల్లవార్లూ వాన. ఇద్దరికీ కంటిమీద కునుకు లేదు.

లాడ్జి యజమానురాలు టీ తెచ్చింది. ఈ మధ్యే లాడ్జి కొనుక్కుని ఊళ్ళోకి వచ్చిందట, ఆవిడ నోరు ఓ పట్టాన ఊరుకునే రకం కాదు. ఇంతకీ ఎవరి కోసం వచ్చారని అడిగింది. ఆకుపచ్చ బనీను జట్టులో ఒక కుర్రాడి కోసమని చెప్పింది భార్య.

"మీవాడా?"

"నా చేతి ముద్ద తిని పెరిగినవాడు."

ఇంకేం, అదృష్టవంతులు, కిందికెళ్ళి వాడికి కనబడేలా చెయ్యూపండి అని సలహా ఇచ్చిందావిడ. మమ్మల్ని చూస్తే వాడికి కాళ్ళాడవని డ్రైవర్ గోడవైపు తిరిగి చెప్పాడు. ఆవిడకి అర్థమైనట్టు లేదు. ఖాళీ ట్రే పట్టుకుని వెళ్ళిపోయింది.

పోయినేడు ఈ పందెంలోనే, ఈ మలుపు దగ్గరే ప్రమాదం జరిగింది. కుర్రాడి భుజం ఎముక విరిగింది. ఆస్పత్రి వరండాలో కట్టు కట్టిన భుజంతో తలొంచుకు నిలబడితే, డ్రైవర్ వాడితో అన్నది ఒకే ఒక్క మాట. జన్మలో మళ్ళీ సైకిల్ ఎక్కకు అని.

వాడు ఆ మాటే పట్టుకున్నాడు. సైకిల్ మూలన పడేశాడు. గదిలోంచి బయటికి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, ఇంటికి రమ్మంటే రాడు. ఆ మాట అన్నందుకు భార్య డ్రైవర్ని ఏడాదిగా దెప్పుతూనే ఉంది. ఆమె దెప్పక్కర్లేదు, అతనికే తిన్నది ఒంటబట్టడం లేదు. ఆఖరికి జట్టు శిక్షకుణ్ణి పట్టుకుని, నేనన్నది మర్చిపోయి తొక్కమని చెప్పు అని కబురు పెట్టాడు. జవాబు రాలేదు. వాడు మళ్ళీ పందెంలోకి దిగుతున్నాడని పేపర్లో చూసి బయల్దేరారు.

"ఎక్కాడుగా. ఇంకా ఎందుకు మీకు దిగులు?" అంది భార్య.

"ఎక్కడం ఒకెత్తు, ఈ మలుపు ఒకెత్తు. మలుపుకి ముందే బ్రేకేస్తే వాడికి ధైర్యం ఉన్నట్టు. లోపలికొచ్చాక వేశాడా, భయం పోనట్టే. ఈ తడి రోడ్డు మీద పడతాడు కూడా. అప్పుడిక వాడు మామూలు మనిషి కాలేడు. అంతా నా నోటి చలవే."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. "వాడి మీద కోపం పోయిందా మీకు?" అని అడిగింది.

"పూర్తిగా పోలేదు. కానీ వాడు పడితే చూడలేను."

కింద ఈలలు వినిపించాయి. డ్రైవర్ పరదా చాటున నిలబడ్డాడు. ఆమె వెనక నుంచి అతని చొక్కా పట్టుకుంది. గుంపు గుంపంతా ఒక్కసారిగా కొండ దిగింది. ముందువాడి వెనక చక్రానికీ వెనకవాడి ముందు చక్రానికీ మధ్య బెత్తెడు సందు లేదు. ఆ మధ్యలో ఆకుపచ్చ బనీను.

మలుపు ఇంకా రాకముందే వాడి వేళ్ళు బ్రేకు మీద బిగుసుకున్నాయి. తర్వాత వదులయ్యాయి. ఒళ్ళు పక్కకి వాల్చి, నీళ్ళు చిమ్ముకుంటూ, రెప్పపాటులో సముద్రం వైపు తిరిగిపోయాడు.

డ్రైవర్ కుడికాలు ఇంకా నేలని నొక్కుతూనే ఉంది, బస్సులో బ్రేకు తొక్కినట్టు. కాలు తీసి, మంచం మీద కూలబడి, పసివాడిలా బావురుమన్నాడు. భార్య అతని తల పొట్టకి అదుముకుంది.

ఏడుపు విని లాడ్జి యజమానురాలు పరుగెత్తుకొచ్చింది. "మీ అబ్బాయి క్షేమంగా దాటేశాడుగా. ఇంకా ఎందుకండీ ఏడుపు?" అంది.

భార్య కిటికీలోంచి కింద మలుపు వైపు చూసింది.

వాళ్ళబ్బాయి పోయినేడు ఇదే మలుపులో, తనతో కలిసి పెరిగిన ఆ కుర్రాడి చక్రం తగిలి పడి, చనిపోయాడు.