తెల్ల పడవ

"మొదటి రోజు సముద్రమే నాన్నా. నువ్వు ఫొటోలు దిగిన చోటే నిలబడదాం," అంటూ కూతురు పాత ఫొటోలు మంచం మీద పరిచింది.

ఇప్పుడు ఇద్దరూ చూడబోతున్న ఆ ఎడారి నగరంలో పదకొండేళ్లు మోకాళ్లరిగేలా టైల్స్ వేసి వచ్చిన తండ్రి తల తిప్పుకున్నాడు. "ఎండకి మాడిపోతాం. మేడలు చూద్దాంలే."

ఏడాదికో ఫొటో. తండ్రి జుట్టు నెరుస్తూ వచ్చింది. వెనక నీళ్లలో తెల్ల పడవ మాత్రం అంగుళం కదల్లేదు.

"నాన్నా, ఇది..."

"బొమ్మ, తల్లీ. సైటు మారినా కంపెనీ సముద్రం బొమ్మ వేసిన ఆ రేకులే చుట్టూ అడ్డుగా నిలబెట్టేది. ఉన్న ఒక్క సెలవూ నిద్రకే చాలేది కాదు. మీ అమ్మేమో పోయేదాకా ఆ పడవెక్కించమనే అడిగింది."

కూతురు ప్రయాణానికి రాసుకున్న కాగితం దగ్గరికి లాక్కుంది. 'మొదటి రోజు సముద్రం' అన్నదాన్ని కొట్టివేయలేదు. పక్కన 'నాన్నకి చూపించాలి' అని రాసింది.