రెండో టేకు

సినిమా నటి ప్రసన్నలక్ష్మి ఇన్నేళ్లలో ఏ సినిమాకీ రెండో టేకు అడగలేదని ఊళ్లో సత్యవతమ్మ అందట. ఆవిడకి షూటింగువాళ్ల వంటమనిషి చెప్పిందట. బందరు దగ్గర వేరే రేవు చూసి అంతా ఖాయం చేసుకున్నాక, కాదు దివిసీమలో ఈ రేవే కావాలని పట్టుబట్టింది కూడా ప్రసన్నలక్ష్మేనట. పక్కింటి రూతు ఈ కబుర్లన్నీ మోసుకొచ్చి, మొహానికి రంగు పూయించుకుంటున్న ఏలీయా చెవిన వేసింది.

“అంటే ఒక్క దెబ్బతో నీ వేషం అయిపోద్ది బావా. జనం తుమ్మి తేరుకునేలోపు నువ్వు తెరమీద ఉండవు,” అంది.

“ఒక్కసారి కనపడితే చాల్లే. గుడివాడలో క్రిస్టినా వాళ్లంతా హాలుకెళ్లి చూస్తారు.”

క్రిస్టినాతో ఏలీయాకి వచ్చే నెలలో రెండో పెళ్లి. మొదటి భార్య రెబెకా పోయి ఏడాది దాటింది. ఈ రేవు మెట్ల మీంచే పడి చచ్చిపోయింది. “పాచి కదండీ, జారింది,” అని ఎస్సైగారికి ఏలీయానే చెప్పాడు. ఊరూ అదే చెప్పింది.

నిజానికి ఈ వేషానికి ఫైటర్ని తెచ్చుకున్నారు. నిన్న ప్రసన్నలక్ష్మి గుంపులోకి చెయ్యి చూపించి, “ఆ ఆకుపచ్చ చొక్కా ఆయన బావుంటాడండీ,” అంది. అంతమందిలో తననే ఏరుకుందని ఏలీయాకి అప్పట్నుంచీ నేల మీద కాలు నిలవడం లేదు.

ఆవిడ సినిమాలు అతను వదలకుండా చూశాడు. ఇంట్లో టీవీ పెట్టి చూపించింది రెబెకాయే. ఇన్‌స్పెక్టరు, జమీందారిణి, గూని ముసలమ్మ, పిచ్చిది. ఒక వేషంలో చూసిన మనిషి ఇంకో వేషంలో ఆనవాలు దొరికేది కాదు. ఏలీయా ప్రతిసారీ పొరబడేవాడు. రెబెకా మాత్రం నడక చూసి పట్టేసేది. కామెడీ వేషానికి కూడా కళ్లొత్తుకునేది. ఆ ఏడుపు చూస్తే ఏలీయాకి ఒళ్లు మండేది. కూర మాడిందనో, నీళ్లు కాగలేదనో వంక దొరికేది. పుట్టింటి ఊసు మాత్రం ఆమెను ఎత్తనిచ్చేవాడు కాదు.

ఈసారి ఆవిడది చేపలమ్మే మనిషి వేషం. బుట్ట తన్నిన రౌడీని చెంప మీద కొట్టాలి. ఆ రౌడీ ఏలీయా.

“చెయ్యి తగలదు. నువ్వు తల తిప్పి పడిపో, అంతే,” అని ఫైట్ మాస్టరు నేర్పాడు.

అలాగే అయింది. చెంపకి గాలి మాత్రం తగిలింది. ఏలీయా దుమ్ములో పడ్డాడు.

“ఓకే. బ్రహ్మాండం,” అన్నాడు డైరెక్టరు రామబ్రహ్మం.

“ఇంకొకటి చేద్దామండీ,” అంది ప్రసన్నలక్ష్మి.

సామాను సర్దబోతున్నవాళ్లంతా ఆగి ఆవిడవైపు చూశారు.

“ఎక్కడ తగ్గిందమ్మా?”

“నా చేతిలోనేనండీ.”

విన్నావా అన్నట్టు ఏలీయా రూతుకేసి చూశాడు. ప్రసన్నలక్ష్మి వేలికున్న ఇత్తడి ఉంగరాన్ని రాయి లోపలికి వచ్చేలా తిప్పుకుంది.

ఈసారి చెయ్యి గాలిలో ఆగలేదు. ఉంగరం చెవితమ్మెను చీల్చుకుంటూ పోయింది. రక్తం మెడమీంచి కాలరులోకి దిగింది.

“నొప్పా?” అని అడిగిందావిడ.

“అబ్బే. అచ్చం ఇన్‌స్పెక్టరు వేషంలో కొట్టినట్టే కొట్టారండీ,” అని నవ్వబోయాడు.

చెవి తెగితే రక్తం ఒక పట్టాన ఆగదని అతనికి తెలుసు. రెబెకాకి తెగినప్పుడు గుప్పెడు పసుపు అద్దుకుంది. బావితాడుకి జూకా తగులుకుందని అడిగినవాళ్లకి తనే చెప్పుకుంది.

“ఇంకొకటి,” అంది ప్రసన్నలక్ష్మి.

ఏలీయా చెంపకి అడ్డంగా చెయ్యెత్తగానే ఆవిడ చిటికెనవేలు దొరకబుచ్చుకుని వెనక్కి విరిచింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఏలీయా పెట్టిన కేకకి రేవులో కొంగలు లేచిపోయాయి.

ఫైట్ మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. “ఇది షాట్‌లో లేదు మేడమ్.”

“ఉంటే బావుంటుంది మాస్టారూ.”

ఏలీయా మోకాళ్ల మీద కూలబడి వేలు చూసుకున్నాడు. రెబెకా వేలూ ఇలాగే వంకరపోయింది. ఆమెను పెట్టెలో పడుకోబెట్టిన రోజు, ఏ ఊరి మనిషో, ఒక ముసలమ్మ నడుం వంచుకుని వచ్చి ఆ వేలు పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

“వచ్చెయ్ బావా. చచ్చిపోతావు,” అంది రూతు.

ఇప్పుడు లేచి వెళ్తే తన ముక్క కత్తిరించి పారేస్తారు. క్రిస్టినా వాళ్ల ముందు నవ్వులపాలు. ఏలీయా పళ్లు బిగించి, “నేను రెడీయేనండీ,” అన్నాడు.

“మెట్ల మీద చేద్దాం. వెనక కృష్ణానది కనపడుతుంది,” అందావిడ.

పైమెట్టు మీద, నీళ్లకి వీపు పెట్టి అతన్ని తనే నిలబెట్టింది. ఏలీయా కిందికి చూశాడు. పాచి నిగనిగలాడుతోంది. అక్కడొద్దని చెప్పబోయాడు. అప్పటికే రెండు చేతులూ అతని గుండెల మీద పడ్డాయి. మెట్టు మెట్టుకీ తల కొట్టుకుంటూ వెళ్లాడు. కాలు మడతపడి ఒంటి కిందే ఉండిపోయింది. తొడ దగ్గర ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. పక్కన నీళ్లు ఎర్రబడ్డాయి.

“ఏమైందమ్మా?” అంటూ రామబ్రహ్మం పరుగెత్తాడు.

“పాచి కదండీ, జారాడు,” అంది ప్రసన్నలక్ష్మి.

గుంపులో సత్యవతమ్మ తల దించుకుంది. రూతు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆవిడ ఒక్కో మెట్టూ దిగి వస్తోంది. రక్తం కమ్మిన కళ్లతో చూస్తున్న ఏలీయాకి ఆ నడక తన ఇంట్లో చూసినట్టే అనిపించింది.

“మొదటి టేకే ఓకే అన్నాను కదమ్మా,” అన్నాడు రామబ్రహ్మం. “మరి ఇవన్నీ ఎందుకు?”

ఆవిడ ఉంగరం తీసి కృష్ణలోకి విసిరింది.

“మొదటిది మీ సినిమాకండీ, మిగతావి మా చెల్లి రెబెకావి.”